కదలకూడని తెర

మాచర్ల నుంచి మా తమ్ముడు రాంబాబు ఒక రేకు పెట్టెను, ఒక పొడవాటి గుడ్డ చుట్టను, తన కూతురు శ్రావ్యను కలిపి ఒకే కారులో నరసరావుపేటలోని మా ఇంటికి పంపించాడు. ఈ మూడింటిలో ఎక్కువ చప్పుడు చేసింది ఏదని అడిగితే శ్రావ్యే అని చెప్పాలి. "అత్తా, మీ నెట్ స్పీడెంత?" అంటూనే గడప దాటింది. బాగున్నావా అన్న మాట మంచినీళ్లు తాగాక గుర్తొచ్చింది. మా నాన్న పెట్టిన ఫొటో స్టూడియోను తమ్ముడు మాచర్లలో ఇంకా నడుపుతున్నాడు. ఈమధ్య ఆ బజారులో కొత్త స్టూడియోలు పుట్టుకొచ్చి పెళ్లిళ్లకు డ్రోన్లు ఎగరేస్తుంటే, అందరికన్నా పాతవాళ్లం మేమేనని లోకానికి చాటుకోవాలన్న కోరిక వాడికి పట్టుకుంది. అందుకు వెబ్‌సైటు కావాలి. చేసేది కూతురు, పాత ఫొటోల్లో ఎవరెవరో చెప్పాల్సింది అమ్మ. అమ్మ నా దగ్గర ఉంటుంది కాబట్టి పని మొత్తం వచ్చి నా హాల్లో పడింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, ఇక మీదట నన్నెవరూ కూర్చోబెట్టి పాఠం వినిపించరని సంబరపడ్డాను. ఆ సంబరం అలా తీరింది.

పెట్టె మూత తీయగానే హైపో వాసన గుప్పుమంది. ఫొటోలు కడిగే ఆ మందు వాసన నాకు బడికి వెళ్లకముందు నుంచీ తెలుసు. మా ఇంట్లో పోపు వాసన, సాంబ్రాణి వాసన ఎలాగో అదీ అలాగే. లోపల కాగితపు కవర్లలో నెగెటివ్‌లు, కవర్ల మీద నాన్న గుండ్రటి చేతిరాతలో ఊరి పేర్లు, ఇంటిపేర్లు. తర్వాత గుడ్డ చుట్ట విప్పాం. హాలు చాలక సగం వంటింట్లోకి పోయింది. అది మా స్టూడియో తెర. పాలరాతి స్తంభాలు, మెలికలు తిరిగిన మెట్లు, పక్కన ఒక కొలను, అందులో రెండు హంసలు, వెనకాల కొండ. అక్కడక్కడ రంగు పెచ్చులూడినా భవంతి మాత్రం నిలబడే ఉంది. ఎనభై దాటిన మా అమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి చూసింది. "ఇంకా బతికే ఉందా ఇది! నేను ముందు పోతానో ఇది ముందు పోతదో తేల్చుకుందామనే కూచున్నా" అంది.

శ్రావ్య ఆ తెరను తన ఫోనుతో ఫొటో తీసి, లాప్‌టాప్‌లోకి ఎక్కించి, వెబ్‌సైటుకు వెనక బొమ్మగా పెట్టింది. దాని మీద పాత ఫొటోలు ఒకదాని కింద ఒకటి పేర్చింది. "చూడత్తా, పేజీ పైకి తోస్తే ఫొటోలు పోతా ఉంటయ్. వెనక తెర మాత్రం ఉన్నచోటే ఉంటది, కదలదు. పైన ఈ మెనూ ఉంది చూశావా, ఇది కూడా పేజీ నెత్తిన అంటుకునే ఉంటది. ఎంత కిందకి పోయినా మళ్లీ పైకి రాకుండానే ఏది కావాలంటే అది నొక్కొచ్చు" అని వివరించింది. నేను తల ఊపాను. అర్థమైనప్పుడూ కానప్పుడూ ఒకేలా తల ఊపడం నా దగ్గర చదివిన పిల్లల నుంచి నేర్చుకున్న విద్య. అమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "వెనక తెర కదలకుండా ఉండాలంటే ఏం చెయ్యాలే?" అని అడిగింది. "ఏం లేదు నాయనమ్మా, ఒక్క లైను రాస్తే చాలు."

"ఒక్క లైనా!" అంది అమ్మ. కాసేపు తన అరచేతుల వంక చూసుకుని, "మీ తాతకి ఆ లైనేందో తెలిస్తే నా జన్మ బాగుపడేది" అంది. శ్రావ్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ తెర కదలకుండా ఉండటానికి మా అమ్మ ఏం చేసేదో నాకు తెలుసు, దానికి బదులుగా ఏం పోగొట్టుకుందో కూడా తెలుసు. వెబ్‌సైటులో 'మా గురించి' అని ఒక పేజీ ఉంటుందట. అందులో నాన్న, అమ్మ ఇద్దరూ ఆ తెర ముందు నిలబడి ఉన్న ఫొటోలు కావాలని తమ్ముడి పట్టు. నాన్నవి మూడు దొరికాయి. అమ్మది ఒక్కటీ లేదు. పల్నాడులో సగం మందిని ఆ తెర ముందు నిలబెట్టిన ఇంట్లో, ఆ ఇంటి ఇల్లాలి ఫొటో లేదు. "నాదెందుకే, ఆధార్ కార్డులో ఉందిగా. అందులో ఉన్నది నేనో ఇంకెవరో ఎట్టాగూ తెలవదు" అని అమ్మ తోసిపుచ్చింది. కానీ శ్రావ్య కవర్లు తిరగేస్తున్నంతసేపూ అమ్మ ఓరకంట అటే చూస్తోంది. ఎక్కడైనా ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఆమెకూ ఆశగా ఉంది. నాకైతే అది దొరక్కపోతే ఈ వెబ్‌సైటే వద్దనిపించింది.

మా చిన్నప్పుడు స్టూడియో ముందుండేది, వెనక రెండు గదుల్లో మేం. అది ఫొటోలకు ఇల్లా, మాకు ఇల్లా అన్నది ఏనాడూ తేలలేదు. నాన్న డార్క్‌రూములోంచి తడి ఫొటోలు తెచ్చి, మేం స్నానానికి నీళ్లు కాచుకునే గంగాళంలోనే వేసేవాడు. అమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చి చూసి, "ఎవురో పెళ్లికూతురు మొహం నానబెట్టావు. ఈ నీళ్లల్లో నేను పిల్లలకు తలంటాలా?" అని కేకలేసేది. కడిగిన ఫొటోలు దండెం మీద, మా లంగాలకూ నాన్న పంచెకూ మధ్య, తలకు పెట్టుకునే పిన్నులతో వేలాడేవి. పెళ్లిచూపులకు పంపే ఫొటోలు అక్కడే ఆరేవి కనుక మాచర్లలో ఎవరి సంబంధం ఎవరితో మాట్లాడుతున్నారో ఊరికన్నా ముందు మా అమ్మకు తెలిసేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మజ్జిగ కోసమని వచ్చి, దండెం కిందుగా రెండుసార్లు అటూ ఇటూ నడిచి, మజ్జిగ మర్చిపోయి వెళ్లేవాళ్లు.

నాన్న అన్నం తింటూ కూడా కెమెరా భాషే మాట్లాడేవాడు. "గడ్డం కొంచెం దించవే", "అటు తిరుగు, మొహాన నీడ పడతాంది" అంటుంటే కలిపిన ముద్ద మా చేతిలోనే ఉండిపోయేది. ఆయనకు ఒక నియమం ఉండేది. ఎవరి ఫొటో అయినా నెత్తికీ ఫొటో అంచుకూ మధ్య మూడు వేళ్ల జాగా ఉండాలి. "తల కోసినోడు ఫొటోగ్రాఫరు కాదు, కసాయోడు" అనేవాడు. మనిషి కాళ్లు పడకపోయినా ఊరుకునేవాడు గాని తల అంచుకు తగిలితే ఆ ఫొటో చించేసి, మళ్లీ తీసేదాకా నిద్రపోయేవాడు కాదు. ఆ తెర కూడా ఆయన పట్టుదల నుంచి పుట్టిందే. నాటకాల తెరలు రాసే పెయింటరు ఒకాయన్ని పిలిపించి, పూలతోట వేయమన్నాడు. ఆ పెయింటరు జన్మంతా రాజుల సభలే వేసినవాడు. తోట మొదలుపెట్టి, చెయ్యి ఊరుకోక భవంతి కట్టేశాడు. పోనీ వెనకాల మన నాగార్జున కొండైనా వేయమని నాన్న బతిమాలితే, కొండ వేసి దాని నెత్తిన మంచు పూశాడు. మాచర్ల ఎండల్లో మంచు కొండ! అమ్మ విరగబడి నవ్వితే నాన్న చిన్నబుచ్చుకుని, "పోనీలే, చూసేవాళ్లకి చల్లగా ఉంటది" అన్నాడు.

జనానికి మాత్రం ఆ భవంతి చానా నచ్చింది. నచ్చడమే కాదు, దానికి మర్యాద కూడా చేసేవాళ్లు. ఊళ్ల నుంచి వచ్చిన రైతులు, నాన్న ఇచ్చిన స్టూడియో కోటు తొడుక్కుని, స్టూడియో దువ్వెనతో తల దువ్వుకుని, తీరా తెర దగ్గరకు రాగానే ఆగి చెప్పులు విడిచేవాళ్లు. "అవి బొమ్మ మెట్లు పెద్దయ్యా, తొడుక్కో" అని నాన్న మొత్తుకునేవాడు. "బొమ్మవైతే మాత్రం, మెట్లే కదయ్యా" అని పెద్దయ్య కదిలేవాడు కాదు. అందుకే మా పెట్టెలోని ఫొటోల్లో కోటూ తలపాగా పెట్టిన పెద్దమనుషులంతా వట్టి కాళ్లతో ఉంటారు. వాళ్లకు చెప్పులు లేవని శ్రావ్య జాలిపడింది. చెప్పులు ఫొటోకు ఇటువైపున్నాయని నేను చెప్పాల్సి వచ్చింది.

స్టూడియోకు రాలేని ఊళ్లకు నాన్నే తెరను తీసుకెళ్లేవాడు. చుట్టి బస్సు టాపు మీద వేసి, గురజాల వైపు పల్లెలకు, ఒక్కోసారి ఈపూరు దాకా. బడి పిల్లల గ్రూపు ఫొటోలకు, కొత్తగా కాపురానికి వచ్చిన జంటలకు, అన్నిటికన్నా ఎక్కువగా క్రిస్మస్‌కు. కొత్త బట్టలు కట్టుకుని, ప్రార్థన అయిపోయాక కుటుంబాలు కుటుంబాలుగా వరుస కట్టేవాళ్లు. రెండు వాసాలు పాతి, మధ్య తాడు కట్టి, తాడు మీద తెర వేలాడదీయడం వరకే నాన్న పని. మిగతాది గాలి చేతిలో ఉండేది. గాలి వస్తే స్తంభాలు వంకర పోయేవి, హంసలు మెట్లెక్కేవి, కొండ కింద పడేది. రాయి కట్టి చూశాడు, మేకు కొట్టి చూశాడు, తెర చిరిగింది. చివరకు దొరికిన మార్గం మా అమ్మ. తెర పక్కన నిలబడి, కెమెరాకు కనపడకుండా ఒదిగి, చెయ్యి ఎత్తి అంచును బిగించి పట్టుకునేది. నాన్న నల్లగుడ్డలో తల దూర్చి "కదలమాక!" అని అరిచేవాడు. అది ఎదుట నిలబడ్డవాళ్లకా, అమ్మకా అన్నది మాకు తెలిసేది కాదు. ఇద్దరూ బిగుసుకుపోయేవాళ్లు. ఎదుటివాళ్లు ఒక్క ఫొటోతో పోయేవాళ్లు, అమ్మకు మాత్రం వరుస అయ్యేదాకా తప్పేది కాదు. అలా పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా.

మొదట్లో అమ్మ అడిగింది. "నన్నెప్పుడు తీస్తావు?" అని. "నువ్వు ఇంట్లోదానివేగా, ఎప్పుడైనా తియ్యొచ్చు" అనేవాడు నాన్న. ఇంట్లో ఉన్నప్పుడేమో ఫిల్ము ఖర్చు కాకూడదు, ఊళ్లకు వెళ్లినప్పుడేమో చెయ్యి ఖాళీ లేదు. ఆ ఎప్పుడైనా అన్నది రాకుండానే నేను అయిదో తరగతి నుంచి తొమ్మిదికి వచ్చాను. చివరకు ఒక క్రిస్మస్ రోజు, గురజాల దగ్గర ఒక పల్లెలో, నాన్నకే సిగ్గేసినట్టుంది. పొద్దున్నే అందరి ముందూ చెప్పాడు, తెచ్చిన ఫిల్ముల్లో ఆఖరిది మీ అక్కయ్యకని. ఆ ఊరి ఆడవాళ్లంతా మా అమ్మను అక్కయ్య అనే పిలిచేవాళ్లు. సాయంత్రానికి ఒక్కటే మిగిలింది. ఒకమ్మాయి పరిగెత్తి వెళ్లి బంతిపూలు తెచ్చింది. అమ్మ జడ విప్పి మళ్లీ వేసుకుంది, మొహం కడుక్కుంది, తెర ముందుకు వచ్చి నిలబడింది. తెర అంచు నేను పట్టుకున్నాను. ఎంత సాగినా నా చెయ్యి అందక ఒక స్తంభం వంగిపోతోంది. అయినా అమ్మ అటు చూడలేదు. ఆమె మొహం అంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే ఇద్దరు మగవాళ్లు ఒక నులక మంచాన్ని మోసుకుంటూ వచ్చారు. మంచం మీద వాళ్లమ్మ. బాగా పెద్దది, లేవలేదు, ఎన్నడూ ఫొటో దిగలేదట. "అయిపోయినయ్యా అయ్యా?" అని పెద్ద కొడుకు అడిగాడు. నాన్న అమ్మ వైపు చూడలేదు. నేను అయిపోయాయని చెప్పబోయాను. అమ్మ అప్పటికే పక్కకు జరిగింది. జడలోంచి బంతిపూలు తీసి ఆ ముసలావిడ తలలో పెట్టి, వచ్చి నా చేతిలోంచి తెర అంచు లాక్కుని, చెయ్యి ఎత్తి నిలబడింది. "తియ్యి, ఎలుగు పోతాంది" అంది నాన్నతో. ఆ తర్వాత అమ్మ తన ఫొటో మాట ఎత్తలేదు. నాన్నా ఎత్తలేదు. నాకు మాత్రం చాలా రోజులు ఆ ముసలావిడ మీద కోపం ఉండేది, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఇదంతా నేను చెప్పాక శ్రావ్య మళ్లీ పనిలో పడింది. ఆ పని కూడా ఒక్క లైనుతో ఏమీ అవలేదు. లాప్‌టాప్‌లో నిక్షేపంగా నిలబడ్డ తెర, నా ఫోనులో చూస్తే ఫొటోలతో పాటే పైకి జారిపోయింది. కొన్ని ఫోన్లు ఆ లైను మాట వినవట. అమ్మకు ఎక్కడలేని హుషారొచ్చింది. "అదిగో, చూశావా! గాలి లేకుండానే లేచిపోయింది నీ తెర. పొయ్యి ఒక మనిషిని తెచ్చుకో పట్టుకోటానికి" అంది. శ్రావ్య దానికి వేరే ఉపాయమేదో చేసింది. తర్వాత మెనూ వంతు. అందులో గురజాల అని నొక్కితే పేజీ దానంతటది గురజాల ఫొటోల దగ్గరికి పరిగెత్తి ఆగింది. కానీ పైన అంటుకున్న మెనూ పట్టీ ఆ మనుషుల తలల మీద పడి, కళ్ల దాకా కప్పేసింది. "ఓయమ్మో, తలకాయలన్నీ నరికేశావేందే! మీ తాతుంటే నిన్ను చెట్టుకి కట్టేసేవాడు" అని అమ్మ నోరు నొక్కుకుంది. నేను లెక్కల టీచర్ని కదా, తాతగారి మూడు వేళ్ల జాగా సంగతి చెప్పాను. శ్రావ్య ఆ పట్టీ ఎంత ఎత్తుందో అంత జాగా పైన వదిలి ఆగేట్టు మార్చింది. అందరి తలలూ తిరిగొచ్చాయి.

నెగెటివ్‌లను శ్రావ్య కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు బయటపడింది అసలు సంగతి. మేం చిన్నప్పుడు చూసినవి నాన్న అంచులు కత్తిరించి ఇచ్చిన ఫొటోలు. నెగెటివ్‌లో కత్తిరింపు ఉండదుగా. ఊళ్లలో తీసిన ప్రతి దాంట్లో, కుడి అంచున, భవంతి స్తంభాన్ని గట్టిగా పట్టుకున్న నాలుగు వేళ్లు, మణికట్టు, దానికి రెండు గాజులు. మొహం లేదు, మనిషి లేదు. తమ్ముడికి ఫోను చేసి శ్రావ్య చూపిస్తే వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "కట్ చేసి పారేయమ్మా. చూసేవాళ్లు తెర పట్టుకుని తీశారంటారు, నవ్వుతారు." అమ్మ వెంటనే, "అవును, కోసెయ్యండి. ఇన్నేళ్లు కోసినోడు మీ నాన్న పిచ్చోడా?" అంది. అని చీర కొంగు సర్దుకుని, కళ్లజోడు తీసేసి, ఇక తెర వంక చూడటం మానేసింది. నాకు ఒళ్లు మండింది. "ఒరే, నాన్న కోశాడు సరే, నువ్వు కూడా కోస్తావా? ఆ చెయ్యి లేకపోతే నీ స్టూడియో ఏ గాలికి పోయేదో తెలుసా? ఆ చెయ్యి తీసేస్తే మనం పాతవాళ్లమని చెప్పుకోవడానికి నీకేం మిగలదు" అని ఫోనులోనే కడిగేశాను. వాడు తగ్గి, "సరే అక్కా, మీ ఇష్టం" అన్నాడు. ఆ చెయ్యిని ఇంకోసారి దగ్గరగా చూపించమన్నాడు. వాడు కూడా ఆ వేళ్లు మొదటిసారి చూస్తున్నాడన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

ఇప్పటి పిల్లలు ఒక్క పూటలో వంద ఫొటోలు దిగి, తొంభై తీసేసి, మిగతావి మర్చిపోతారు. వాళ్లను వెక్కిరించడం సులువు, నేనూ రోజూ వెక్కిరిస్తాను. కానీ ఫొటో అంటే ప్రాణమిచ్చిన ఆ రోజుల్లో, ఇంట్లో మనిషిని అంచులతో పాటు కత్తిరించి పారేశాం, ఎవరికీ ఏమీ అనిపించలేదు. శ్రావ్య రెండు రోజుల్లో చూసిన చెయ్యిని నేను యాభై ఏళ్లు చూడలేదు. ఆ మాట శ్రావ్యతో అంటే, "నువ్వు అప్పుడు చిన్నపిల్లవి కదత్తా" అని సర్దిచెప్పింది. పెద్దయ్యాక కూడా ఎందుకు చూడలేదని మాత్రం అడగలేదు. మంచిపిల్ల.

మర్నాడు పొద్దున్న శ్రావ్య తన ఫోను తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. నులక మంచం ముసలావిడ నెగెటివ్ నుంచి ఆ చేతిని విడిగా తీసి, పేజీకి కుడి అంచున తెరకు తగిలించింది. తెరతో పాటు అదీ కదలదు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని వేలితో పేజీని పైకి తోసింది. బడి పిల్లలు వెళ్లారు, కోటు పెద్దయ్యలు వెళ్లారు, కొత్త జంటలు వెళ్లారు, బంతిపూలు పెట్టుకున్న ముసలావిడ వెళ్లింది. ఒక్కొక్కరి పేరూ, ఇంటిపేరూ అమ్మ పైకి చదువుతూనే ఉంది, ఎప్పుడు పోయారో కూడా చెబుతూ. చిట్టచివరి ఫొటో కూడా పైకి వెళ్లిపోయి, వట్టి తెర మిగిలింది. అంచున చెయ్యి అలాగే బిగించి పట్టుకుని ఉంది. అమ్మ దాన్ని రెండుసార్లు తోసి చూసింది. పోలేదు.

"ఒసేయ్ శ్రావ్యా" అంది చివరికి, "అందరూ ఎల్లిపోయారు కదే. ఇంక చెయ్యి దించమని చెప్పవే దానికి."